పట్టీలు కట్టిన చేతులు

ఇంటి నుంచి,
వంటింటి బల్ల దగ్గర

హెడ్డాఫీసు మేడమ్ గారికి, అనగా మా ఆడపడుచు గారికి,

మీ వదిన రాసేది. క్షేమమా అని అడగను. ఐదో అంతస్తులో ఏసీ కింద కూర్చున్నవాళ్ళు క్షేమంగా కాక ఇంకెలా ఉంటారు?

మీ ఆఫీసు పంపిన కానుకలు అందాయి. మా ప్లాంటులో తాళాలు బిగించే లైనులో ప్రతి ఆడదాని ముంజేతికీ ఒక నల్ల పట్టీ కట్టారు. బల్ల మీద, సరిగ్గా నెత్తిన, ఒక కెమెరా బిగించారు. చెయ్యి ఎటు పోతోంది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు తిరిగొచ్చింది, అన్నీ ఆ పట్టీకి తెలుస్తాయట. కట్టుకున్న మొగుడికే అన్ని సంగతులూ చెప్పనిదాన్ని, చేతికి కట్టిన పట్టీకి చెప్పుకోవాలట! వీటిని తెచ్చినాయనకి పట్టీలాయన అని పేరు పెట్టాం. మాతో ఒక్క ముక్క మాట్లాడడు. చేతిలో టాబ్ పట్టుకుని, మా మొహాలు కాకుండా దాని మొహం చూస్తూ తిరుగుతాడు.

సరే, ఇది మాకు కొత్తా? గడియారం మాస్టారు స్టాప్‌వాచ్ పట్టుకుని లైనులోకి వచ్చే రోజుల్లో ఆయన వెనకాల అట్ట పట్టుకుని నిలబడింది ఎవరు? మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకుని, తెల్లారేసరికి మా చేతుల మీదే లెక్కలు రాసింది ఎవరు? అప్పుడు మేం ఏం చేసేవాళ్ళమో నీకు చెప్పక్కర్లేదు. తాళం లోపలి సిలిండరు బెజ్జంలో పిన్ను వేసి, దాని మీద స్ప్రింగు వేసి, పక్క బెజ్జానికి పోవడం మాకు కళ్ళు మూసుకుని చేసే పని. ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ మాత్రం ప్రతి పిన్నునీ వెలుతురుకి ఎత్తి చూసేవాళ్ళం. పట్టకారు తుడుచుకునేవాళ్ళం. దానికి మేం పెట్టుకున్న పేరు పెళ్ళినడక. ఆయన ఆ నడకనే మా నడక అనుకుని టార్గెట్ రాసుకుని పోయేవాడు. మేం తర్వాత ఊపిరి పీల్చుకుంటూ పనిచేసుకునేవాళ్ళం.

టార్గెట్ అనేది ఒకసారి పెరిగితే మళ్ళీ తగ్గడం నా సర్వీసులో చూడలేదు. అందుకే లైన్ లీడర్‌గా అందరికీ చెప్పేశాను. పట్టీలు ఉన్నన్నాళ్ళూ పెళ్ళినడకే. కొన్నాళ్ళు పోతే వాళ్ళే విప్పుకుని పోతారు.

నేను అడిగేది ఒకటే. అప్పట్లో ఎలా నోరు మూసుకున్నావో ఇప్పుడూ అలాగే మూసుకో. నువ్వు ఈ ఇంటికి చేసిన మంచి అదొక్కటే.

మీ అన్నయ్య పాలిషింగులో బాగానే ఉన్నారు. నిన్ను అడిగానని రాయమన్నారు. రాశాను.

వదిన


హెడ్డాఫీసు,
ఐదో అంతస్తు (ఏసీ పాడై వారమైంది)

వదినకి,

నీ ఉత్తరం అందింది. ఫోను చెయ్యకుండా కాగితం మీద రాసినందుకు సంతోషం. ఇక్కడ ఫోనులు కంపెనీవే, వాటిని వినే చెవులూ కంపెనీవే. పని సంగతులు బయటివాళ్ళకి, ముఖ్యంగా ఇంటివాళ్ళకి, చెప్పనని సంతకం పెట్టి ఈ కుర్చీలో కూర్చున్నాను. కాబట్టి పని గురించి నన్ను ఏమీ అడగకు. నేను చెప్పేది నీ గురించే.

నీ పని అయిపోయింది వదినా. మీ లైను గీత రోజూ నా కళ్ళముందు తెర మీద పాకుతూ ఉంటుంది. చూస్తుంటే నాకు తలకొట్టేసినట్టు ఉంది. ఇవే తాళాలు, ఇవే పిన్నులు, ఇవే పట్టకార్లు పట్టుకుని ఇంకో రెండు దేశాల్లో ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. సగం మంది నీకు కూతుళ్ళ ఈడువాళ్ళు. వాళ్ళ చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. నీ చేతులు చూస్తే ఆవలింత వస్తుంది.

కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు ఆ ప్లాంటులో నా అంత చెయ్యి ఇంకోటి లేదని గొప్పలు పోయేదానివి. అన్నయ్య కూడా అదే పాట. అవన్నీ కోతలని ఇప్పుడు తెలిసింది. లీడరు ఇలా ఉంటే వెనకున్నవాళ్ళు ఎలా ఉంటారు? నీలో రోషం అనేది ఏ మూలనైనా మిగిలి ఉంటే ఇప్పుడు చూపించు. తర్వాత చూపిస్తానంటే చూసేవాళ్ళు ఉండరు.

ఇంతకంటే రాయను. రాసినదే ఎక్కువ.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి,
అదే బల్ల

మహారాణి గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నువ్వు రెండో సగం కూడా అయిపోదామనుకుంటున్నావు.

నీ ఉత్తరం మధ్యాహ్నం క్యాంటీనులో అందరికీ చదివి వినిపించాను. ఆవలింత దగ్గరికి వచ్చేసరికి నా ఎదుటి బల్ల ఆవిడకి తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. అంతగా నవ్వాం. ఎందుకు నవ్వామో తెలుసా? గడియారం మాస్టారిదీ ఇదే ఎత్తు. 'పక్క షిఫ్టువాళ్ళ చేతులు చూడండమ్మా, యంత్రాలే' అని మాతో అనేవాడు. పక్క షిఫ్టుకి వెళ్ళి వాళ్ళ దగ్గర మమ్మల్ని పొగిడేవాడు. ఆయన చెప్పింది పక్క షిఫ్టు, నువ్వు చెప్పేది పక్క దేశం. అంతే తేడా. పాఠం బాగానే వంటబట్టింది నీకు.

కోపం తెప్పిస్తే ఈవిడ చేతులు పరిగెడతాయి, ఆ పరుగు చూసి టార్గెట్ పెంచేద్దాం అనేగా? నా రోషం సంగతి నీకు తెలుసు గనుక దాని మీదే దెబ్బ కొట్టావు. ఇంట్లో మనిషి కదా, ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. వినవమ్మా, నీ ఉత్తరం చదివాక ఇంకా నెమ్మది చేశాం. పిన్నుని ఎత్తి చూడటమే కాదు, ఊది మరీ వేస్తున్నాం.

మీ అన్నయ్య మాత్రం 'మా చెల్లి ఊరికే అనదు, ఇందులో ఏదో ఉంది, ఒకసారి ఆలోచించు' అన్నారు. ఆయన సంగతి నీకు తెలియనిదా, గోడ మీద పిల్లి. చెల్లెలి ఉత్తరం వస్తే అటు దూకుతారు, అన్నం వేళకి ఇటు దూకుతారు. 'మీ చెల్లెలి మనసులో ఏముందో నాకు బాగా తెలుసు, మీరు తినండి' అన్నాను. తిన్నారు.

పట్టీలాయన నిన్న నా బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. టాబ్ చూసుకున్నాడు, తల పంకించాడు, వెళ్ళిపోయాడు. పాపం, గడియారం మాస్టారిలాగే నమ్మేసినట్టున్నాడు.

చేతులు అయిపోయిన వదిన


హెడ్డాఫీసు,
మెట్ల కింద గది

వదినా,

నా ఉత్తరం క్యాంటీనులో చదివావా? నీకు బుద్ధి అనేది ఉందా? ఆ హాల్లో ఎవరి చెవులు ఎవరివో నీకు తెలుసా? ఇకమీదట నీకు సూటిగా ఒక్క ముక్క రాయాలన్నా వణుకు పుడుతుంది. ఇది నువ్వే తెచ్చిపెట్టావు.

నువ్వు తెలివైనదానివని నీకు మొదటి నుంచీ ఒక నమ్మకం. తాడిని తన్నేవాడు ఉంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఎప్పుడైనా తట్టిందా? గడియారం మాస్టారు రిటైరయ్యాడు. ఆయన గడియారం కూడా రిటైరయ్యింది. నువ్వు ఇంకా ఆయనతోనే యుద్ధం చేస్తున్నావు.

నీది పంతం, మూర్ఖత్వం, ఒళ్ళు బద్ధకం. దీని మీద ఆధారపడింది నీ ఒక్కదాని బతుకే అయితే ఈ పాటికి ఊరుకునేదాన్ని. ఈ ఉత్తరం అన్నయ్య చేతికి ఇవ్వు. ఆయన్ని ఒకటికి రెండుసార్లు చదవమను. నువ్వు చదవకపోయినా నాకు ఫర్వాలేదు. చదివినా నీకు ఎక్కదు.

నెల అయిపోవస్తోంది. ఒంట్లో ఓపిక ఉంటే కదులు. లేకపోతే ఆ కుర్చీ ఖాళీ చేసి, కదిలేవాళ్ళకి ఇచ్చి ఇంట్లో కూర్చో.

ఆడపడుచు


ఇంటి నుంచి

ఏమని పిలవాలో తెలియని మనిషికి,

ఇవాళ మీటింగు పెట్టారు. క్యాంటీనులో బెంచీలన్నీ గోడకి నెట్టి, తెర దించారు. తెర మీద ఒకాయన, ఏ దేశంలోనో, మెడలో టై, పక్కన పూలకుండీ. మా కృషికి ధన్యవాదాలు చెప్పాడు. అంత మర్యాదగా ఎవరూ మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది మంచికి కాదని.

తర్వాత మూడు గీతలు చూపించాడు. మూడు దేశాలు, మూడు ప్లాంట్లు, ఒకటే తాళం. రెండు గీతలు పైన ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మూడోది అట్టడుగున పడుకుని ఉంది. అది మాదట. తాళాల లైను మొదటి ప్లాంటుకి పోతుందట. బల్లలు, యంత్రాలు, పట్టకార్లతో సహా ఓడ ఎక్కిస్తారట. లైను పోతే దాని తాళాలు మెరుగుపెట్టే పాలిషింగు ఎందుకు? అదీ పోతుంది. అంటే నేనూ, మీ అన్నయ్యా, ఇద్దరం.

ఎవరూ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అందరూ తిరిగి నన్ను చూశారు. 'నెమ్మదిగా చెయ్యమన్నది నువ్వే కదా' అంది వెనకనుంచి ఒకావిడ. గట్టిగా కూడా అనలేదు. మధ్యాహ్నం ఎప్పుడూ నా పక్కనే కూర్చుని తినే ఎదుటి బల్ల ఆవిడ తన డబ్బా తీసుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయింది. నేను మూత తియ్యకుండానే డబ్బా ఇంటికి తెచ్చాను.

నీకు తెలుసు. నాకు ఆ ఉత్తరాలు రాస్తున్నప్పుడే నీకు తెలుసు. రోజూ ఆ మూడు గీతల ముందు కూర్చున్నదానివి. 'వదినా, ఇది పోటీ, ఓడితే లైను పోతుంది' అని రాయడానికి ఎన్ని మాటలు కావాలి? నీకు తిట్లకి కాగితం సరిపోయింది, ఈ ఒక్క మాటకి సరిపోలేదా? సంతకం పెట్టావా? మీ అన్నయ్య చేతుల మీద పెరిగినదానివి, ఆ సంతకం నీకు అంత పెద్దదైపోయిందా?

నీ ఆఖరి ఉత్తరాన్ని ఇవాళ మీ అన్నయ్యకి ఇచ్చాను. రెండుసార్లు చదివి, 'చెప్పిందే, పిచ్చిదానా, చెప్పిందే' అని కుర్చీలో కూలబడ్డారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నన్ను ఆ మాట అనడం ఇదే మొదలు. దానికి కూడా నిన్ను క్షమించను.

ఇక రాయకు.


నా గది నుంచి

వదినా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీకు నచ్చని పని చెయ్యడం నాకు కొత్త కాదు.

సూటిగా చెప్పాల్సింది. చెప్పలేదు. తెలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పెడతారు. పైగా నువ్వు మొదటి ఉత్తరమే ఊరందరి ముందు చదివేశావు. కోపం వచ్చినప్పుడు నీ చేతులు ఎలా ఉంటాయో ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చూశాను. నాతో గొడవపడిన రోజు గిన్నెలన్నీ క్షణంలో తోమేసేదానివి. అందుకే తిట్టాను. తిడితే పరిగెడతావనుకున్నాను. కానీ మనిద్దరం ఎప్పుడూ తిట్టుకుంటూనే ఉన్నాం గదా, ఇది వేరే తిట్టు అని నీకెలా తెలుస్తుంది? ఆ ఆలోచన నాకు రాలేదు. వచ్చుంటే ఇంకేదైనా దారి వెతికేదాన్ని.

ఇప్పుడు సూటిగా విను. గడియారం మాస్టారు నీ వేగం కొలిచింది నీకు టార్గెట్ వెయ్యడానికి. అక్కడ నెమ్మది చేస్తే నువ్వు గెలిచేదానివి. ఇప్పుడు కొలిచేది నిన్ను ఇంకొకరి పక్కన నిలబెట్టడానికి. నెమ్మది చేసినవాళ్ళ పని గెలిచినవాళ్ళకి పోతుంది. గెలిచినవాళ్ళని ఇంకో కొత్తవాళ్ళ పక్కన నిలబెడతారు. మేనేజరు అనేవాడు ఎవరి ప్లాంటులోనూ ఉండడు, తెర మీద ఉంటాడు. నేనూ అలాంటిదాన్నే.

ఒక్క అవకాశం ఉంది. యంత్రాలు కదలకముందు మీ లైను పనిని ఫిల్ము తీస్తారు, కొత్తవాళ్ళకి నేర్పడానికి. పట్టీలతోనే తీస్తారు. ఆ లెక్కలు కమిటీ ముందు పెట్టేది నేనే. అందులో మీ అసలు వేగం కనిపిస్తే, నిర్ణయం తప్పు లెక్క మీద జరిగిందని వాదిస్తాను. మళ్ళీ చూడమంటాను. గెలుస్తానని మాట ఇవ్వలేను. ఇవ్వగలిగింది ఇంతే.

చెయ్యగలిగినంత వేగంగా చెయ్యండి. దాచకండి.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

నిన్ను నమ్మి చేశానని అనుకోకు,

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నమ్మితే, నువ్వు మా చేతుల అసలు సంగతి రాబట్టుకుని అవతలివాళ్ళకి ఇచ్చేస్తావేమోనని భయం. నమ్మకపోతే ఎలాగూ పోయేదే. రెండు రోజులు పోట్లాడుకున్నాం. నీ ఉత్తరం ఈసారి వాళ్ళకి చదివి వినిపించలేదులే, నాకూ బుద్ధి వచ్చింది. ఎవరో అంటే విన్నానని చెప్పాను. ఎదుటి బల్ల ఆవిడ నాతో మాట్లాడకుండా గోడతో మాట్లాడినట్టు, 'ఈవిడ మాట వినే ఇక్కడిదాకా వచ్చాం, మళ్ళీ వినాలట' అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంది ఇంకొకావిడ. 'పట్టుకోకపోతే మాత్రం ఏం లాభం' అన్నాను. చివరికి ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

నిన్న తీశారు. పట్టీలాయన కెమెరాలు సర్దుకుని, మొదలుపెట్టండి అన్నట్టు చెయ్యి ఊపాడు. మొదలుపెట్టాం.

నీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పాలని ఉంది. ఎన్నేళ్ళయిందో మేం అలా పనిచేసి. పిన్నులు గుప్పిట్లోంచి వాటంతటవే బెజ్జంలోకి పోతున్నట్టుంది. పట్టకార్ల టకటక తప్ప చప్పుడు లేదు. నా పక్కావిడ సిలిండరు తోసేసరికి నేను చెయ్యి చాపి ఉన్నాను, నేను తోసేసరికి అవతలావిడ చాపి ఉంది. ఒక్క పిన్ను కింద పడలేదు. మీ అన్నయ్య పాలిషింగులోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూశారు. నావి కోతలు కావని ఆయనకి మొదటి నుంచీ తెలుసు, ఇప్పుడు కళ్ళారా చూశారు. నాకు సంతోషంగా ఉంది, ఏడుపూ వచ్చింది. అంత బాగా చేసే పనిని ఇంతకాలం దాచుకుని బతకాల్సి వచ్చిందే అనిపించింది.

అయిపోయాక పట్టీలాయన టాబ్ చూసుకుని, మొదటిసారి తలెత్తి మా మొహాలు చూశాడు.

ఎదుటి బల్ల ఆవిడ డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

మా చేతుల్లో ఉన్నదంతా నీ ముందు పోశాం. ఇక నీ వంతు. ఇందులో గనక మోసం ఉంటే, నువ్వు మా గడప తొక్కినప్పుడు ఏం జరుగుతుందో నేను రాయను, ఊహించుకో.

వదిన


నా గది నుంచి

వదినా,

మీదే అన్నిటికంటే వేగం. దగ్గర్లో కూడా ఎవరూ లేరు. తెర మీద మీ గీత లేచేసరికి కమిటీలో ఒకావిడ కుర్చీలోంచి ముందుకి వంగింది. నేను వాదించాను. మొదట చూసిన లెక్కలు తప్పని, పనిని అక్కడే ఉంచాలని, నా మొత్తం సర్వీసులో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాను.

వాళ్ళు విన్నారు. సంతోషించారు కూడా. తర్వాత ఒకాయన నవ్వుతూ అన్నాడు, 'ఈ చేతుల వేగం, ఆ చేతుల జీతం. రెండూ కలిస్తే ఇంకేం కావాలి?' అని. అందరూ నవ్వారు. లైను తరలింపు నిర్ణయం యథాతథం. మీ ఫిల్ములో ఉన్న వేగమే ఇకనుంచి మిగిలిన రెండు ప్లాంట్లకీ టార్గెట్. కాగితం ఇవాళే వెళ్ళింది.

నువ్వు భయపడిందే జరిగింది. నేను మోసం చెయ్యలేదు. కానీ మోసం చేసినా ఇంతకంటే వేరేగా జరిగేది కాదు.

ఇంకో మాట. నేర్పడానికి నిన్ను అక్కడికి పంపమన్నారు. కొన్ని వారాలు. జీతం, గది, టిక్కెట్టు వాళ్ళవే. నేను నీ పేరు చెప్పలేదు, ఫిల్ము చూసి వాళ్ళే అడిగారు. వెళ్ళొద్దనుకుంటే వెళ్ళకు.

తిట్టాలనుకుంటే తిట్టు. ఈసారి ఏమీ అనను.

నీ ఆడపడుచు


కంపెనీ గెస్ట్‌హౌసు నుంచి,
నాకంటే ముందే నా బల్ల చేరిన ఊళ్ళో

ఆడపడుచుకి,

వచ్చాను. తిట్ల సంగతి తర్వాత చూద్దాం, అవెక్కడికీ పోవు. ఎందుకు వచ్చానో ముందు చెబుతాను. నేను రాకపోతే ఆ ఫిల్ము ఒక్కటే వీళ్ళకి నేర్పుతుంది. అది చూసి నేర్చుకుంటే ఈ పిల్లల చేతులు పోతాయి.

అదే హాలు అనిపించింది. మా బల్లలే, మా పట్టకార్లు గీసిన గాట్లే వాటి మీద. నా కుర్చీలో ఎర్ర రబ్బరు బ్యాండుతో జడ కట్టుకున్న ఒక పిల్ల కూర్చుంది. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యేముందు వీళ్ళకి మా ఫిల్ము వేస్తారు. నన్ను చూడగానే గుర్తుపట్టారు. ఆ పిల్ల నా కళ్ళల్లోకి చూసి, నేల మీద ఉమ్మినంత పని చేసి, వీపు తిప్పేసింది. భాష రాకపోయినా ఆ తిట్టు నాకు అర్థమైంది. గడియారం మాస్టారిని మేం అలాగే చూసేవాళ్ళం. నిన్నూ అలాగే చూశాను. నన్ను అలా చూస్తారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

వీళ్ళు ఫిల్ము వేగం అందుకోవాలని చూస్తున్నారు. ఒకావిడ వేళ్ళకి బట్ట చుట్టుకుని పనిచేస్తోంది. అందుకోలేరు. మేమే రోజూ అందుకోలేం. అది కోపం మీద, ఆశ మీద ఒక్క పూట పరిగెత్తిన పరుగు.

మూడో రోజు ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాట్లాడాలంటే భాష మార్చి చెప్పే ఫోను కావాలి, ఆ ఫోను కంపెనీది. బల్ల మీద తాళాలకి మెరుగుపెట్టే పొడి రాలి ఉంటే వేలితో మూడు పెట్టెలు గీశాను. ఒకటి మాది, దాన్ని చెరిపేశాను. రెండోది వీళ్ళది. మూడోది ఇంకో దేశంలో ఉన్నది. వీళ్ళది ఒక్కటే నెమ్మది చేస్తే ఏమవుతుందో, వీళ్ళ పెట్టెని చెరిపి చూపించాను. తర్వాత రెండూ గీసి, రెండింటి మీదా ఒకే ఎత్తులో గీత పెట్టాను. ఆ పిల్ల చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా ముంజేతి మీద పట్టీ గుర్తు ఉంటుంది చూడు, దాన్ని వేలితో నిమిరింది. ఎందుకో తెలీదు, నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

వీళ్ళలో ఒకావిడని మూడో ప్లాంటుకి నేర్పడానికి పంపుతున్నారు. మీ కంపెనీయే టిక్కెట్టు కొని మరీ పంపుతోంది. ఆ పిల్ల చేత వాళ్ళ భాషలో ఆవిడకి అన్నీ చెప్పించాను. రెండు చోట్లా ఒకే వారం నుంచి, ఒకే నడక. పెళ్ళినడక కాదు, ఎవరినీ మోసం చెయ్యడం లేదు. రోజంతా చేసి ఇంటికి పోయి పిల్లని ఎత్తుకోగలిగే నడక.

ఇది కనిపెట్టగలిగేది నువ్వొక్కదానివే. రెండు గీతలూ ఒక్కసారే దిగడం నీ తెర మీదే కనిపిస్తుంది. పైవాళ్ళకి చెబితే నీకు మంచి పేరు, బహుశా ఇంకో అంతస్తు. ఇక్కడ ఈ పిల్లలు రోడ్డున పడతారు. నిన్ను బతిమాలుతున్నానని అనుకోకు. నేను నిన్ను చచ్చినా బతిమాలను. ఏం చేస్తావో చూద్దామని చెబుతున్నాను.

వదిన


నా గది నుంచి

వదినా,

నిన్న అడిగారు. రెండు ప్లాంట్ల గీతలూ ఒకే వారం, ఒకేలా ఎందుకు దిగాయని. కమిటీ అంతా నా వైపు తిరిగింది.

ఆ ఫిల్ము ఒక్క పూట పరుగు అని చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయంతో పరిగెత్తినవాళ్ళని చూసి టార్గెట్ వేస్తే ఆరు నెలల్లో సగం చేతులు మూలపడతాయని, తిరిగొచ్చే తాళాల బస్తాలు గోడౌను నిండా ఉంటాయని చెప్పాను. రెండు దేశాల్లో ఒకరితో ఒకరు సంబంధం లేనివాళ్ళు ఒకే వేగానికి వచ్చి ఆగారంటే అదే మనిషి వేగం అన్నాను. సంబంధం లేనివాళ్ళు అన్నప్పుడు నా గొంతు కొంచెం తడబడింది. ఎవరూ గమనించలేదు. అలాగే రిపోర్టు రాసిచ్చాను. ఒప్పుకున్నారు. కొత్త టార్గెట్ సోమవారం నుంచి, దిగిన గీత దగ్గరే. ఆ ఎర్ర రబ్బరు పిల్లకి చెప్పు. ఎలా చెబుతావో నీ ఇష్టం.

నీకోసం చేశానని మాత్రం అందరితో చెప్పుకు తిరగకు. నీ మీద నాకు ఉన్న కోపాలు అలాగే ఉన్నాయి. నన్ను ఇంటి దొంగలాగా చూసిన ఏళ్ళన్నీ నాకు గుర్తున్నాయి.

అన్నయ్య మొన్న ఫోను చేశారు. కంపెనీ ఫోను కాబట్టి ఇద్దరం ఎండా వానా మాట్లాడుకున్నాం. చివర్లో ఉండబట్టలేక అడిగారు, రెండు ప్లాంట్లూ నెమ్మదిస్తే మన లైను వెనక్కి వస్తుందా అని. పాలిషింగు చక్రాలు ఎవరూ తీసుకుపోలేదట, రోజూ వెళ్ళి దుమ్ము దులిపి వస్తున్నారట. నేను మాట మార్చేశాను. నీ హాలుని ఇంకెవరికో అద్దెకి ఇచ్చేశారు వదినా. ఆ సంగతి ఇక్కడ నాకు ముందే తెలుసు, ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

నువ్వు ఇంటికి వెళ్ళాక చెప్పు. లైను ఇక రాదు. ఈసారి దీన్ని ఏ తిట్టులోనూ చుట్టడం లేదు. రాదు, వదినా.

నీ ఆడపడుచు